ఊపిరి ఎవరిది, పేరు ఎవరిది?
(చెక్క ఫ్లూటు మీద క్లెజ్మర్, రోమా సంగీతం)

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఒక రాత్రి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఇది మన లంబాడీల పాటేనంట. యూరప్‌ల జిప్సీలు వాయిస్తున్నరంట. వినండి సార్" అన్నాడు. ఫోను తెర మీద 'జిప్సీ ఫ్లూట్' అని ఉంది. విన్నాం. అది పాట కాదు, ఆటకు వాయించే బాణీ. ఫ్లూటు గొంతు మెత్తగా, కాస్త బొంగురుగా ఉంది. స్కూలు బ్యాండులో మెరిసే వెండి ఫ్లూటు గొంతు కాదది. ప్రతి వరస చివరా స్వరం ఏడుపు మింగినట్టు చటుక్కున తెగిపోతోంది. పిల్లవాడు మా ముఖాలు చూస్తూ నిలబడ్డాడు. మేం 'అవును, మనదే' అంటామని వాడి ఆశ.

అవునని అనలేకపోయాం. కాదని చెప్పడానికి కూడా ఆ రోజు మాకు ఏమీ తెలియదు. తర్వాత వెతికితే తేలింది ఏమిటంటే, వాడు వినిపించిన బాణీ జిప్సీలది, అంటే రోమాలది కూడా కాదు. తూర్పు యూరప్ యూదుల పెళ్ళి బాణీ. దాని మీద ఎవరో 'జిప్సీ' అని రాసి పెట్టారు.

ఈ వ్యాసం రాస్తున్న మేము నలుగురం. ఇద్దరం లంబాడీలం, ఒకరు గోండు, ఒకరు కోయ. ముగ్గురం బడిలో పాఠాలు చెబుతాం. సంగీత శాస్త్రం చదివినవాళ్ళం కాదు. కానీ మన పాటను మన పేరు లేకుండా వేదిక ఎక్కించడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళం. ఒక సభలో మా తండా ఆడవాళ్ళు పాడుతుంటే మైకు పట్టుకున్నాయన "ఇప్పుడు లంబాడీ డాన్స్" అని ఊరుకున్నాడు. ఆ పాట కట్టిన ముసలమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది. అందుకే ఈ చెక్క ఫ్లూటు సంగతి మాకు దూరపు సంగతి అనిపించలేదు.

ముందు క్లెజ్మర్ అంటే ఏమిటో చెప్పుకుందాం. హీబ్రూలో 'క్లేయ్', 'జెమెర్' అన్న రెండు మాటలు కలిసి ఈ మాట పుట్టింది. పాటకు పనిముట్టు, అంటే వాయిద్యం అని అర్థం. యూదులు ఇళ్ళలో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలో ఆ వాయిద్యం పేరే వాయించేవాడి పేరయింది. తండ్రి తర్వాత కొడుకు, అన్న వెంట తమ్ముడు, కుటుంబమే ఒక మేళం. చాలామందికి వాయించడంతో కడుపు నిండేది కాదు, మంగలి పని లాంటివీ చేసుకునేవారు. పెళ్ళి వాళ్ళు లేకుండా జరగదు, కానీ పెళ్ళిపందిట్లో పెద్ద గౌరవమూ ఉండదు. చదువుకున్న యూదు సంగీతకారులు 'క్లెజ్మర్' అన్న మాటను తక్కువచూపుతో వాడేవారు. ఆ మాట ఒక సంగీతానికి గౌరవమైన పేరుగా నిలబడింది 1970ల తర్వాత, అమెరికాలో యువకులు దాన్ని మళ్ళీ వాయించడం మొదలుపెట్టాకే.

ఇది చదువుతున్నప్పుడు మా గోండు మిత్రుడు ప్రధాన్‌లను గుర్తు చేశాడు. ఆదిలాబాద్ గోండుల దేవతల కథలు కిక్రీ మీద పాడి నిలిపింది ప్రధాన్‌లు. కథ గోండులది, కమాను పట్టిన చెయ్యి ప్రధాన్‌ది. ఈ ముడి ఎలాంటిదో అక్కడి పిల్లలకు మేం వివరించనక్కర్లేదు.

యూదుల పెళ్ళిలో ఒక ఘట్టం ఉంది. లగ్నానికి ముందు పెళ్ళికూతుర్ని కుర్చీలో కూర్చోబెడతారు. బద్ఖన్ అనే మాటకారి ఆమె పుట్టిల్లు, బాల్యం, చనిపోయిన పెద్దలు, అన్నీ తలుచుకుంటూ పద్యాలు చెబుతాడు. వెనకాల ఫిడేలో, ఫ్లూటో ఏడుస్తూ ఉంటుంది. ఆడవాళ్ళందరూ ఏడుస్తారు. మా లంబాడీ పెళ్ళిలో పిల్ల ఢావ్లో ఏడవడం చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే అనిపిస్తుంది. ఒక్క తేడా ఉంది. ఢావ్లోలో పిల్ల తానే పాడుతూ ఏడుస్తుంది. అక్కడ వాయిద్యం ఏడుస్తుంది, పిల్ల వింటుంది. ఆ వాయిద్యపు ఏడుపుకు వాళ్ళ భాషలో ఒక పేరుంది: క్రెఖ్ట్స్. మూలుగు అని అర్థం. మేం ఆ రాత్రి ఫోనులో విన్న 'ఏడుపు మింగినట్టు' స్వరం అదే. స్వరాల మధ్య జారేదానికి గ్లిచ్ అనీ, చుట్టూ తిరిగే చిన్న మెలికలకు ద్రేద్ల్ అనీ పేర్లున్నాయి. ఈ మూడూ తీసేస్తే క్లెజ్మర్ బాణీలో మిగిలేది ఎముకలే.

ఇక ఫ్లూటు. ఈ రోజు క్లెజ్మర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది క్లారినెట్. కానీ క్లారినెట్ ఈ మేళాల్లోకి వచ్చింది 19వ శతాబ్దంలో. అంతకు ముందు ఫిడేలు, త్సింబల్ అనే చిన్న కర్రలతో కొట్టే తంత్రుల వాయిద్యం, పెద్ద ఫిడేలు, చెక్క ఫ్లూటు. ఇవన్నీ మెల్లగా మోగేవే. యూదుల పెళ్ళిలో ఎంతమంది వాయించాలి, ఎంత పొద్దుపోయేదాకా వాయించాలి అన్నది కూడా చాలా పట్నాల్లో అధికారులే నిర్ణయించేవారు. గట్టిగా మోగే వాయిద్యాలు వద్దన్న చోట్లూ ఉన్నాయి. 1827లో రష్యా జార్ యూదు కుర్రాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోవడం మొదలుపెట్టాక, సైనిక బ్యాండుల్లో నేర్చిన ఊదుడు వాయిద్యాలు వాళ్ళతో పాటు ఊళ్ళకు తిరిగి వచ్చాయి. క్లారినెట్ అలా పెరిగింది, ఫ్లూటు తగ్గింది. 20వ శతాబ్దంలో న్యూయార్క్‌ను ఊపేసిన క్లారినెట్ వాద్యకారుడు డేవ్ తరాస్ కూడా యుక్రెయిన్‌లో చిన్నప్పుడు ఫ్లూటు నేర్చి ఆ తర్వాతే క్లారినెట్ పట్టాడు.

ఫ్లూటు ఊదిన వాళ్ళలో ఒకరి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇప్పటి బెలారుస్‌లో ష్క్లోవ్ అనే ఊరుంది. 1806లో అక్కడ మీఖాల్ యోసెఫ్ గుజికోవ్ పుట్టాడు. తాత తండ్రులు క్లెజ్మర్లు, ఫ్లూటు వాళ్ళ ఇంటి వాయిద్యం. ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఊదలేకపోయాడు. ఊదడం తప్ప వేరే బతుకు తెలియనివాడు ఏం చేశాడంటే, గడ్డి కట్టల మీద చెక్క పలకలు పేర్చి రెండు పుల్లలతో కొట్టే వాయిద్యాన్ని పట్టుకున్నాడు. దాన్ని సొంతంగా మార్చి, పెంచి, దాని మీదే ఫ్లూటులో ఊదిన బాణీలన్నీ పలికించాడు. వియన్నా, లైప్‌జిగ్, పారిస్ దాకా పోయాడు. 1836లో అతన్ని విన్న జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్, ఇంటికి రాసిన ఉత్తరంలో అతన్ని ఎంతో మెచ్చుకున్నాడు. మరుసటి ఏడే, 1837లో, ఆహెన్ పట్నంలో గుజికోవ్ చనిపోయాడు. అప్పటికి 31 ఏళ్ళు. పారిస్ ఆడవాళ్ళు అతని చెంపల మీద వేలాడే జుట్టు పాయల్ని చూసి తామూ అలా దువ్వుకున్నారని అంటారు. అతని బాణీ ఎంతమంది నేర్చుకున్నారో గానీ జుట్టు మాత్రం నేర్చుకున్నారు! మన చెవిపోగులు, గాజులు, అద్దాల రవికలు పట్నం వేదికల మీద ఎలా తిరుగుతున్నాయో చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

గుజికోవ్ ఊదిన లాంటి ఫ్లూటు ఎలా ఉండేది? అడ్డంగా పట్టి ఊదేదే. పెట్టె చెక్క అనే గట్టి, పచ్చటి కర్రను తొలిచి చేసేవారు. లోపలి రంధ్రం నోటి దగ్గర వెడల్పుగా మొదలై చివరకు పోయేకొద్దీ సన్నబడుతుంది. వేళ్ళకు 6 రంధ్రాలు. చిటికెన వేలికి ఒక మీట. తర్వాత కాలంలో 4, 8 మీటలు కూడా పెట్టారు కానీ ఆ 6 రంధ్రాలు మాత్రం నేరుగా వేలి చర్మం కిందే ఉండేవి. మన వెదురు పిల్లనగ్రోవి ఊదిన పిల్లలకు ఆ పట్టు వెంటనే అర్థమవుతుంది.

మ్యూనిక్‌లో థియోబాల్డ్ బోమ్ అనే ఆయన ఉండేవాడు. కంసాలి పని తెలిసినవాడు, ఫ్లూటు వాద్యకారుడు కూడా. పాత ఫ్లూటులో కొన్ని స్వరాలు నిండుగా, కొన్ని ముసుగు వేసినట్టు వస్తాయి. పెద్ద ఆర్కెస్ట్రాలో ఫ్లూటు వినపడదు. ఆయన లెక్కలు కట్టి రంధ్రాలను పెద్దవి చేసి, శబ్దశాస్త్రం చెప్పిన చోట పెట్టాడు. వేళ్ళు అన్ని చోట్లకు అందవు కాబట్టి మూతలు, మీటలు అమర్చాడు. 1832లో ఒక నమూనా, 1847లో గొట్టంలా ఒకే వెడల్పు ఉన్న లోహపు ఫ్లూటు. ఈ రోజు ప్రపంచమంతా స్కూళ్ళలో కనిపించేది ఆ 1847 ఫ్లూటు సంతానమే. దాన్ని మేం తక్కువ చేయడం లేదు. అన్ని స్వరాలూ సమానంగా, గట్టిగా, శుద్ధంగా పలకాలి అనుకున్నాడు, సాధించాడు.

కానీ క్లెజ్మర్‌కు కావలసింది ఆ సమానత్వం కాదు. వేలు రంధ్రం మీద నేరుగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా తీయవచ్చు. స్వరం జారుతుంది. మన సంగీతంలో 'జారు' అనేది అదే. వేలికీ రంధ్రానికీ మధ్య మూత వస్తే రంధ్రం మూసి ఉంటుంది, లేదా తెరిచి ఉంటుంది. నడుమ చోటు లేదు. పెదవిని తిప్పి కొంత జారించవచ్చు, నేర్పరులు చేస్తారు, కానీ అది వేలు చేసే పని కాదు. అలాగే ముసుగు వేసినట్టు పలికే ఆ స్వరాలు బోమ్‌కు లోపం. పెళ్ళికూతుర్ని ఏడిపించాల్సినవాడికి అవే ఆస్తి.

అందుకే ఈ రోజుల్లో కొందరు వాద్యకారులు మ్యూజియంలో పడి ఉండాల్సిన చెక్క ఫ్లూట్లను బాగుచేయించుకుని, లేదా వాటి నమూనాలో కొత్తవి చేయించుకుని క్లెజ్మర్ వాయిస్తున్నారు. అమెరికాలో ఏడ్రియన్ గ్రీన్‌బామ్ అనే వాద్యకారిణి 'ఫ్లెయిట్‌మ్యూజిక్' పేరుతో మేళం పెట్టి ఈ దారి వేసినవాళ్ళలో ముఖ్యురాలు. ఇది ముసలి వస్తువుల మీద మోజు అనుకున్నాం మొదట. విన్నాక మనసు మార్చుకున్నాం. పాత ఫ్లూటు వాయించేవాడి చేతికి కొన్ని అడ్డంకులు పెడుతుంది. కొన్ని స్వరాలు వేగంగా రావు, కొన్ని గట్టిగా రావు. ఆ అడ్డంకుల్లోంచే బాణీ ఆకారం బయటపడుతుంది. కాగితం చెప్పని సంగతి కర్ర చెబుతుంది.

అయితే కర్ర చెప్పేదానికి ఒక హద్దు ఉంది. దాన్ని దాచేవాళ్ళ మీదే మా ఫిర్యాదు.

క్లెజ్మర్ గొలుసు మామూలుగా తెగలేదు. తెంపారు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు, వాళ్ళ తోడుదొంగలు సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. తూర్పు యూరప్‌లో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. వాయించేవాళ్ళే కాదు, వినేవాళ్ళు, పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు, 'అలా కాదురా, మీ తాత ఇలా ఊదేవాడు' అని తిట్టే పెద్దలు, అందరూ పోయారు. మిగిలినది చాలావరకు కాగితం. ఆ కాగితం కూడా ఒక మనిషి మొండితనం వల్ల మిగిలింది. కీవ్ నగరంలో మొయిసేయ్ బెరెగోవ్‌స్కీ (1892–1961) అనే పరిశోధకుడు యుద్ధానికి ముందు ఊరూరా తిరిగి మైనపు గొట్టాల మీద పాటలు, బాణీలు పట్టాడు. వాయించిన వాళ్ళ పేర్లు, ఊళ్ళు రాసుకున్నాడు. 1950లో సోవియట్ ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసి సైబీరియా శిబిరానికి పంపింది. 1955లో బయటికొచ్చాడు. ఆయన వాయిద్య సంగీతం పుస్తకం మాస్కోలో అచ్చయింది 1987లో, అంటే ఆయన పోయిన 26 ఏళ్ళకు. మైనపు గొట్టాలు పోయాయనే అందరూ అనుకున్నారు. 1990లలో కీవ్ గ్రంథాలయంలోనే దొరికాయి. టీచర్లు ఈ కథ పిల్లలకు చెప్పాలని మా కోరిక. మన పాటలు పట్టినవాళ్ళలో వాయించినవాళ్ళ పేరు రాసుకున్నవాళ్ళు ఎంతమందో కూడా అప్పుడే అడగమనండి.

కాగితం మీద స్వరాలున్నాయి, ఊపిరి లేదు. పాత గ్రామఫోను రికార్డుల్లో ఫిడేలు, క్లారినెట్ వినిపిస్తాయి, చెక్క ఫ్లూటు వినిపించడం అరుదు. కాబట్టి ఈ రోజు ఫ్లూటు మీద క్రెఖ్ట్స్ పలికించేవాళ్ళు ఫిడేలు చేసేది విని, ఫ్లూటుకు ఎలా కుదురుతుందో ఊహించి చేస్తున్నారు. ఊహించడం తప్పు కాదు. మంచి వాద్యకారులు అలా అని ఒప్పుకుని వాయిస్తారు. కొందరు మాత్రం పాత ఫ్లూటు చేతిలో ఉంది కాబట్టి 'ఇదే అసలుది' అంటారు. పాత చెప్పులు తొడిగినంత మాత్రాన ఆ దారి నడిచినట్టు కాదు కదా.

ఇక్కడే రోమాలు కథలోకి వస్తారు. కచేరీ పట్టికల్లో 'క్లెజ్మర్, జిప్సీ' అని జంటగా రాస్తుంటారు. ఈ జంట ఉత్త కల్పన కాదు. మోల్డావియా, బెస్సరేబియా ప్రాంతాల్లో యూదు మేళాలు, రోమా మేళాలు కలిసి వాయించాయి, ఒకరి బాణీ ఒకరు నేర్చుకున్నాయి. అక్కడ వృత్తి వాద్యకారులను లౌతారీలు అనేవారు, వాళ్ళలో ఎక్కువమంది రోమాలు. వాళ్ళ వెనక ఇంకో చరిత్ర ఉంది. ఆ రాజ్యాల్లో రోమాలు శతాబ్దాల పాటు బానిసలు. రాజుకు, మఠానికి, జమీందారుకు సొంత ఆస్తి. మోల్డావియాలో 1855 చివర, వలాకియాలో 1856లో విడుదల వచ్చింది. విందులో ఫిడేలు వాయించినవాడు ఆ విందు ఇచ్చినవాడి ఆస్తి అయి ఉండేవాడు. ఆ సంగీతంలో హుషారు వినేవాళ్ళు ఈ ముక్క కూడా తెలుసుకుని వినాలి.

రుజువు కావాలంటే మారమురేష్ కథ వినండి. అది రుమేనియా ఉత్తర అంచున కొండ ప్రాంతం. యుద్ధానికి ముందు అక్కడ యూదులు బాగా ఉండేవారు. వాళ్ళ పెళ్ళిళ్ళకు రోమా వాద్యకారులు వాయించేవారు. 1944లో అక్కడి యూదులను ఆష్విట్జ్‌కు తరలించారు. కొన్ని దశాబ్దాల తర్వాత హంగేరీకి చెందిన ముజికాష్ అనే బృందం ఆ బాణీలు ఎక్కడైనా మిగిలాయా అని వెతికింది. మిగిలాయి. రోమా ఫిడేలు వాద్యకారుడు గెయోర్గె కోవాచి, సింబలం వాద్యకారుడు ఆర్పాద్ తోనీల చేతుల్లో మిగిలాయి. 1993లో ఆ బాణీలతో ఆల్బం వచ్చింది, వాళ్ళిద్దరూ అందులో వాయించారు. పెళ్ళి చేసుకునేవాళ్ళు పోయారు, కూలికి వాయించినవాళ్ళు ఆ పెళ్ళిని గుర్తుంచుకున్నారు. ఆ రోమాలనూ నాజీలు వదలలేదు. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్ శిబిరంలో మిగిలిన 4 వేలకు పైగా రోమాలను ఒక్క రాత్రిలో చంపారు. వాళ్ళలో పిల్లలు, ముసలివాళ్ళు ఎక్కువ.

ఇంత చేసిన రోమాలకు కచేరీ పట్టికలో దక్కేది ఏమిటి? యూదు బాణీకి 'బెరెగోవ్‌స్కీ సేకరణ, ఫలానా ఊరు, ఫలానా వాద్యకారుడు' అని ఉంటుంది. దాని పక్కనే 'జిప్సీ బాణీ, సంప్రదాయం' అని ఉంటుంది. ఊరు లేదు, మనిషి లేడు. 'జిప్సీ' అన్న మాటే వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు, ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటులోంచి పుట్టిన పేరు. వాళ్ళలో చాలామందికి అది తిట్టు. మనల్ని అడవోళ్ళు అన్నట్టు.

ఇంకో విచిత్రం చూడండి. 'జిప్సీ' అని పేరున్న సంగీతంలో పేరు మోసినవి చాలావరకు రోమాలవి కావు. సరసాతే 1878లో రాసిన 'జిప్సీ బాణీలు' అన్న ఫిడేలు రచనలో నడిమి ఏడుపు పాట సెంతిర్మయ్ అనే హంగేరియన్‌ది. బ్రామ్స్ 5వ హంగేరియన్ నృత్యం కేలర్ అనే బ్యాండు నాయకుడి బాణీ, అదీ రోమా కాదు. లిస్ట్ 1859లో పుస్తకం రాసి హంగేరీ సంగీతమంతా జిప్సీలదే అన్నాడు. 1931లో బార్తోక్ దాన్ని తిరగేసి, అది హంగేరియన్లు కట్టిన పాటలే, జిప్సీలు వాయించారంతే అన్నాడు. బార్తోక్ లెక్క చాలావరకు సరైనదే. కానీ వాయించడాన్ని 'అంతే' అనడం మాకు నచ్చలేదు. ఇటు తిప్పి చూస్తే, 'చొకర్లియా' అనే రుమేనియా బాణీ ఉంది, భరతపక్షి పాట. దాన్ని కట్టింది ఆంగెలుష్ దినీకు అనే రోమా వాద్యకారుడని చెబుతారు. 1889 పారిస్ ప్రదర్శనలో అది మోగింది. 1901లో ఎనెస్కు తన రుమేనియన్ రాప్సొడీలో వాడుకున్నాడు. అది 'జానపదం' అయిపోయింది. ఇతరులు కట్టినదానికి జిప్సీ అని పేరు, జిప్సీ కట్టినదానికి ఊరుపేరు.

ఆ దినీకు కట్టింది ఫిడేలు మీద కూడా కాదు, నాయ్ మీద. నాయ్ అంటే పొడవూ పొట్టీ వెదురు గొట్టాలు వరసగా కట్టి ఊదే పిల్లనగ్రోవి. రోమాలు ఊదిన ఫ్లూటు ఏదని అడిగితే చెప్పుకోవలసిన మొదటి పేరు అదే. 20వ శతాబ్దం మొదట్లో అది దాదాపు మాయమైంది. ఫనికా లూకా (1894–1968) అనే రోమా లౌతారీ దాన్ని నిలబెట్టాడు, బుకారెస్ట్‌లో పిల్లలకు నేర్పాడు. ప్రపంచమంతా తెలిసిన గెయోర్గె జాంఫిర్ ఆయన శిష్యుడే. శిష్యుడి క్యాసెట్లు మన ఊళ్ళ దుకాణాల్లోనూ దొరికేవి, గురువు పేరు మేం ఈ వ్యాసం రాస్తూ తెలుసుకున్నాం.

కాబట్టి వియన్నా చెక్క ఫ్లూటు మీద రోమా బాణీ ఊదితే అది 'చారిత్రక' వాదనం అనిపించుకోదు. ఊదవద్దని మా మాట కాదు, లౌతారీలు చేతికి దొరికిన ప్రతి వాయిద్యాన్నీ వాడుకున్నవాళ్ళే. కానీ యూదు బాణీకి ఒక న్యాయం, రోమా బాణీకి ఒక న్యాయం అయితే మాత్రం చరిత్ర పేరు వాడుకోకూడదు. పైగా రోమాల్లో అందరూ వాయిద్యాల వాళ్ళు కారు. హంగేరీలో వ్లాహ్ రోమాలు ఇంట్లో వాయిద్యాలు లేకుండానే పాడతారు, నోటితోనే తాళం, పాల క్యాను మీద దరువు, చెంచాలు. ఇతరుల పెళ్ళికి వాయించేది వేరు, సొంత ఇంట్లో పాడుకునేది వేరు. వేదికకు ఎక్కేది ఎప్పుడూ మొదటిదే.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్న. రోమాలు లంబాడీలేనా? రోమా భాష భారతదేశపు భాష, ఇందులో సందేహం లేదు. 1782లోనే జర్మన్ పండితుడు రూడిగర్ ఇది చూపించాడు. వాళ్ళకూ ముక్కు నాక్, చెవి కాన్, నీళ్ళు పానీ. మా లంబాడీ ఇంట్లో అమ్మ అనే మాటలే అవి. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది, దాచుకోం. కానీ వాళ్ళు ఇక్కడి నుంచి వెళ్ళి సుమారు వెయ్యేళ్ళు. దారిలో పారశీకం, ఆర్మేనియా, గ్రీకు మాటలు చేరాయి. 7, 8, 9 అంకెలకు వాళ్ళు గ్రీకు మాటలే వాడతారు. మన గోర్‌బోలి రాజస్థాన్ వైపు భాషల్లో పెరిగింది. రెండూ ఒకే పెద్ద కుటుంబంలోవి, అంతవరకు నిజం. ఇద్దరూ ఒకే జనం అనడానికి రుజువు లేదు. గోండీ, కోయ భాషలకు ఈ చుట్టరికమే లేదు, అది ద్రావిడ కుటుంబం. 1976లో చండీగఢ్‌లో రిషి అనే పండితుడు రోమాలను పిలిచి ఉత్సవం చేసినప్పుడు వచ్చినవాళ్ళు ఎంతో సంబరపడ్డారట. ఆ సంబరం మంచిదే. కానీ యూరప్‌లో తాము పౌరులమేనని పోరాడుతున్నవాళ్ళకు 'మీరు ఇక్కడివాళ్ళు కారు, ఇండియావాళ్ళు' అన్న మాట శత్రువుల నోట కూడా వినిపిస్తుందని మరచిపోకూడదు. మనం ప్రేమతో అన్నా అదే మాట.

బాణీల్లో పోలిక చూపేవాళ్ళకు కూడా ఒక జవాబు. క్లెజ్మర్‌లో ఎక్కువ వాడే ఫ్రేగిష్ అనే స్వరాల వరస మన కర్ణాటక సంగీతంలో వకుళాభరణం మెట్లతో సరిపోతుంది. ఇంకోటి హేమవతితో సరిపోతుంది. తుర్కీ, అరబ్బు సంగీతంలో హిజాజ్ ఉంది, అదీ దగ్గరిదే. మెట్లు ఒకటైతే ఇల్లు ఒకటి కాదు. మాటలు చుట్టరికం చెబుతాయి, స్వరాల వరస చెప్పదు. పైగా ఆ పిల్లవాడు వినిపించింది రోమాల బాణీయే కాదు.

ఇదంతా వాడికి చెప్పాం. వాడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత "మరి ఎవరు వాయించిన్రు సార్?" అని అడిగాడు. ఆ ఫోనులో వాద్యకారుడి పేరు ఎక్కడా లేదు.

జాతరలో కొన్న 6 రంధ్రాల వెదురు పిల్లనగ్రోవి వాడి దగ్గర ఉంది. ఇప్పుడు సాయంత్రాలు దాని మీద ఆ బాణీ ప్రయత్నిస్తున్నాడు. వేలు మెల్లగా ఎత్తి స్వరం జారించడం వారంలో వచ్చేసింది. క్రెఖ్ట్స్ మాత్రం రావడం లేదు. పై స్వరాన్ని వేలితో చటుక్కున తాకి, గొంతులో ఊపిరి ఆపాలి. వాడు ఆపినప్పుడల్లా పిల్లనగ్రోవి కీచుమంటోంది, పక్క గదిలో పిల్లలు నవ్వుతున్నారు. మొన్న ఇంటికెళ్ళినప్పుడు వాడి నాయనమ్మను ఢావ్లో ఏడ్చి చూపించమని అడిగాడట. పెళ్ళి లేకుండా ఏడవకూడదని ఆమె కసిరిందట.

వచ్చే ఎండాకాలం వాళ్ళ తండాలో పెళ్ళి ఉంది. మమ్మల్నీ పిలిచాడు.